బొమ్మలు మా ఇంట్లోనే ఉన్నాయి

గేలెన్ ప్రూయిట్ నాతో అబద్ధమాడలేదు. నా కడుపుమంటంతా అదే. అబద్ధమాడి ఉంటే ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద నిలబెట్టి అడిగేవాణ్ని. అడగడానికి నాకు నోరుంది, వినడానికి మనుషులున్నారు. కానీ తెలిసిన సంగతి కడుపులో పెట్టుకుని ఊరుకున్నవాణ్ని ఏమని అడుగుతాం? "ఎందుకు చెప్పలేదు" అంటే "నన్నెవరూ అడగలేదు" అంటాడు. అన్నాడు కూడా.

గేలెన్‌ది మా పక్క కంచె. కలప వ్యాపారి. నిలబడ్డ చెట్టును చూసి అందులో ఎన్ని పలకలున్నాయో చెప్పగలడు. వాడు కొన్న చెట్లను నా రంపపు మిల్లులో నేను కోసిచ్చేవాణ్ని. వాడు మా చర్చిలో డీకను, అంటే సంఘం పెద్దల్లో ఒకడు. ఇంటి దగ్గరే పిల్లలకు చదువు చెప్పుకునే కుటుంబాలు కలిసి పెట్టుకున్న కూటమికి పెద్ద. మంగళవారం మంగళవారం పిల్లలందర్నీ తన వ్యానులో టారంట్ లైబ్రరీకి తీసుకెళ్లేవాడు. ఇన్ని పనులు చేసే మనిషికి ఒక్క మాట చెప్పడానికి తీరిక లేకపోయింది.

మాకు కెజియా ఒక్కతే కూతురు. ఇదంతా జరిగిన ఏడు దానికి పదిహేను. నా భార్య నెల్డా వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి దానికి లెక్కలూ చరిత్రా చెప్పేది. ఇంటి బడికి ఒక పేరు పెట్టుకోవడం మా మిస్సోరీ కొండల్లో అందరూ చేసేదే. కొందరు బైబిల్లోంచి తీసుకుంటారు. నెల్డా మాత్రం "పల్లం అకాడమీ" అని పెట్టింది. పల్లమంటే వాగు పక్కన మాకున్న దిగువ నేల. మా తాత కొన్నాడు. మా నాన్న అందులో సగం మేర నల్ల అక్రోటు మొక్కలు వరసలుగా నాటాడు. మిగతా సగంలో ఎంత చలికీ గడ్డకట్టని ఊట ఒకటుంది. ఎండాకాలం వస్తే తల్లీ కూతుళ్లు దుప్పటీ పుస్తకాలూ పట్టుకుని ఆ ఊట పక్కకే పోయేవాళ్లు.

నేను పదో తరగతి మధ్యలో బడి మానేసినవాణ్ని. మా నాన్న చెయ్యి రంపంలో పడిన ఏడు అది. ఆ తర్వాత నేను చదివినవి కలప కొలతలు, బైబిలు, దాణా సంచుల మీద రాతలు. కాబట్టి పల్లం అకాడమీలో నా ఉద్యోగం పొయ్యిలోకి కట్టెలు కొట్టడం, ఫీజులు కట్టడం.

ఆ చలికాలం కెజియా వెబ్ డిజైన్ నేర్చుకుంటానంది. అది చెప్పే చదువు నెల్డాకు లేదు. మిన్నసోటాలో ఒక దూరవిద్య బడి ఉందని తెలిసింది. పాఠాలు పోస్టులో వస్తాయి, చేసిన పని ఇంటర్నెట్‌లో పెట్టాలి, టీచరు నెలకోసారి ఫోను చేసి మాట్లాడుతుంది. ఫీజు కట్టాను. పాఠాల కట్ట వచ్చింది. మొదటి కాగితం మీదే కొనాల్సిన సాఫ్ట్‌వేర్ పేరుంది. ధర చూశాక ఆ కాగితాన్ని నెల్డా చేతికిచ్చి మిల్లుకు వెళ్లిపోయాను.

"విద్యార్థులకు తక్కువకిస్తారట నాన్నా, బడి గుర్తింపు కార్డు పంపిస్తే," అంది కెజియా సాయంత్రం.

నెల్డా అట్టముక్క మీద కార్డు తయారుచేసింది. పిల్ల ఫొటో అంటించి, పైన బడి పేరు రాసి, ప్రిన్సిపాల్ అన్నచోట తనే సంతకం చేసింది. మీ బడి మా జాబితాలో లేదని కంపెనీ నుంచి జవాబొచ్చింది.

"మా బడిలో ఇంతవరకు ఒక్కరూ ఫెయిలవలేదని రాయనా?" అంది నెల్డా ఉడుక్కుంటూ.

"ఉన్నదే ఒక్కరు కదమ్మా," అంది కెజియా.

ఈ సంగతి వ్యానులో పిల్లల నోటి మీదుగా గేలెన్‌కు తెలిసింది. తరవాతి మంగళవారం కెజియాను మా వాకిట్లో దింపుతూ చొక్కా జేబులోంచి ఒక డిస్కు తీశాడు. దాని మీద మార్కరుతో ఆ సాఫ్ట్‌వేర్ పేరు రాసి ఉంది.

"ఇదిగో అమ్మడూ, నువ్వు కొనలేకపోయావన్నది. మన పిల్లలందరూ దీంతోనే నేర్చుకున్నారు."

కెజియా చెయ్యి చాపలేదు. "ఇది కాపీ చేసిందా, బ్రదర్ గేలెన్?"

"అందరూ చేసేదేలే. తీసుకో."

"అయితే వద్దండి. దొంగసొత్తు కదా."

వ్యాను తలుపు తెరిచే ఉంది. లోపలున్న పిల్లలందరూ విన్నారు. గేలెన్ నవ్వాడు గానీ చెవులు కందిపోయాయి. "ఓరిన్! నీ ఇంట్లో ప్రవక్త పుట్టిందయ్యా!" అని నాకు వినపడేలా అరిచాడు.

"ఆదివారం బడిలో దొంగిలించకూడదన్న ఎనిమిదో ఆజ్ఞ కంఠతా పట్టించింది నువ్వేగా బ్రదర్," అన్నాను నేను. ఆ మాట అనకుండా ఉండాల్సిందని నెల్డా ఇప్పటికీ అంటుంది. నేనలా అనుకోను.

ఆ వారమే లైబ్రరీలో పనిచేసే ఆవిడ కెజియాకు ఇంకో డిస్కు చేసిచ్చింది. అదీ చేత్తో పేరు రాసిందే. నాకు రెంటికీ తేడా తెలియలేదు.

"ఇవి ఉచితం నాన్నా. చేసినవాళ్లే కాపీ చేసుకోమని చెప్తారు. ఎవరికైనా ఇమ్మంటారు."

"ఊరికే ఇస్తారా? వాళ్లకేంటి లాభం?"

"హాన్‌కాక్ వాళ్ల కొట్టం కాలిపోతే నువ్వు దూలాలన్నీ ఊరికే కోసిచ్చావుగా. నీకేంటి లాభం?"

"అది వేరు. హాన్‌కాక్ నాకు తెలుసు."

"వీళ్లకి మనం తెలీదు. అయినా ఇచ్చారు."

సరే, పెట్టి చూడమన్నాను.

మా కంప్యూటరు చర్చి ఆఫీసులో పాతబడితే మాకిచ్చిన యంత్రం. ఆ ప్రోగ్రాములు దాని మీద బాగానే నడిచాయి. బొమ్మలు సరిదిద్దేదానికి గుర్తుగా నోట్లో కుంచె కరుచుకున్న జంతువొకటి ఉండేది, కుక్కో నక్కో. పేజీ కట్టేది ఇంకొకటి. ఇబ్బంది ఎక్కడంటే, పాఠాలన్నీ ఆ ఖరీదైనదాని కోసం రాసినవి. ఫలానా మెనూలో ఫలానా బొత్తాం నొక్కు అని ఉంటుంది. మా దాంట్లో ఆ బొత్తాం ఇంకెక్కడో ఉంటుంది, లేదా అసలుండదు. కెజియా వెతికి పట్టుకుని పాఠం పక్కన పెన్సిలుతో రాసుకునేది. వంటింట్లో కూర్చుని ఆ పిల్ల విసుక్కోవడం, మళ్లీ మొదలుపెట్టడం, దొరికాక బల్ల మీద కొట్టడం నేను వింటూనే ఉండేవాణ్ని.

హాల్వర్సన్ టీచరు మొదటిసారి ఫోను చేసినప్పుడు కెజియా భయపడుతూ ఉన్నమాట చెప్పింది. ఆవిడ, "నువ్వు ఏ సుత్తితో కొట్టావన్నది నాకక్కర్లేదమ్మా. మేకు నిటారుగా దిగిందా లేదా, అంతే చూస్తాను," అంది. పక్కనుంచి విన్నాను. చదువుకున్నవాళ్లలో ఇలాంటివాళ్లూ ఉంటారన్నమాట అనుకున్నాను.

గేలెన్ మాత్రం ఊరుకోలేదు. చర్చిలో అందరం గిన్నెలు తెచ్చుకుని కలిసి తినే రోజున, నా పళ్లెంలో బీన్సు వడ్డిస్తూనే అన్నాడు.

"ఊరికే వస్తుందంటే ఫినాయిలైనా తాగేవాళ్లున్నారు. ఏమంటావు ఓరిన్?"

"దొంగిలించి తేనె తాగేవాళ్లకంటే నయమంటాను."

పక్కవాళ్లు నవ్వారు. నెల్డా నవ్వలేదు. ఆ తర్వాత పిల్లను వాడి వ్యాను ఎక్కించలేదు. దాంతో లైబ్రరీ కూడా పోయింది. టారంట్ మాకు దూరం, పని లేని రోజుల్లో పెట్రోలు పోసుకుని వెళ్లే స్తోమత లేదు. ఇక కెజియా చదువంతా మా వంటింట్లో ఆ ఒక్క యంత్రం మీదే.

పని లేదన్నాను కదా. ఆ ఏడు దేశమంతా ఇళ్లు కట్టడం ఆగిపోయింది. పలక అడిగేవాడు లేడు. మిల్లు మీద అప్పుంది. బ్యాంకువాడు జూన్ ఆఖరు దాకా గడువిచ్చి, ఆ తర్వాత మిల్లూ ఇల్లూ చూసుకుంటామన్నాడు. పల్లం అమ్మడం తప్ప దారి లేదు. అయితే మంచి ధర వస్తే మొత్తం అమ్మక్కర్లేదు. అక్రోటు వరసలున్న సగం ఇచ్చేసి, ఊట ఉన్న సగం ఉంచుకోవచ్చు. నల్ల అక్రోటు కలప ముదిరేకొద్దీ ధర పెరుగుతుంది, ఆ చెట్లు ఇంకో ఇరవై ఏళ్లు నిలబడితే కొన్నవాడి మనవలు కూడా నన్ను తలుచుకుంటారు. ఆ సంగతి తెలిసిన కొనుగోలుదారుడు కావాలి. మా చుట్టుపక్కల డబ్బున్నవాడు గేలెన్ ఒక్కడే, వాడు ఎంతిస్తాడో నాకు తెలుసు. కాబట్టి బయటివాళ్లకు తెలియాలి.

కెజియా కోర్సులో చివరి పని నిజమైన వ్యాపారానికి ఒక వెబ్‌సైటు కట్టడం.

"పల్లానికి కడతాను నాన్నా. అమ్మకానికి."

అమ్మకమన్న మాట అంటున్నప్పుడు దాని గొంతు మామూలుగానే ఉంది. నేను తల ఊపాను.

మే నెలలో ఎండ ఏటవాలుగా పడే వేళ చూసి ఫొటోలు తీసింది. అక్రోటు వరసల మధ్య నన్ను నిలబెట్టింది, చెట్టు లావు తెలియడానికి. ఊట తీసింది. వాగు దాటే గులకరాళ్ల రేవు తీసింది. ఆ కుంచె జంతువు ప్రోగ్రాంలో కూర్చుని వెలుతురు సరిచేసింది, అంచులు కత్తిరించింది. పేజీ మీద రాతలు నెల్డా చూసింది. చెట్ల వయసు, లావు నేను చెప్పాను. రైతుల వారపత్రికలో ప్రకటన వేశాం. కింద ఆ వెబ్‌సైటు పేరు, మా ఫోను నంబరు. ధర రాసిన సీలు కవర్లు టారంట్‌లో హబ్బెల్ దాణా కొట్టుకు పంపాలి, సగానికైనా సరే మొత్తానికైనా సరే, జూన్ రెండో శనివారం మధ్యాహ్నం అందరి ముందూ తెరుస్తారు.

మాకు ఇంటర్నెట్ ఫోను తీగ మీదే వచ్చేది. పిల్ల దాన్ని వాడుతుంటే ఫోను మోగదు. పత్రిక వచ్చిన రోజు పొద్దున్నే పేజీ అంతా ఎక్కించింది. బొమ్మలు పెద్దవి కాబట్టి చాలాసేపే పట్టింది. నేను దాని కుర్చీ వెనకే నిలబడ్డాను.

"అయిపోయింది. ఒక్కసారి తెరిచి చూసుకుంటా నాన్నా."

"పత్రిక వచ్చేసిందమ్మా. కొనేవాళ్లు ఫోను చేస్తే ఎలా? తీగ వదులు."

"ఒక్కసారి..."

"అదే పేజీ ఇంట్లో ఉందిగా. దాన్ని చూసుకో."

తీగ వదిలేసింది. యంత్రంలో ఉన్నదాన్ని చూసుకుంది. మేమూ చూశాం. ఊట నీళ్లు తళతళమంటున్నాయి. అక్రోటు ఆకుల్లోంచి ఎండ పడుతోంది. పాస్టరు గారు వచ్చినప్పుడు చూపించాం, ఆయన రెండు చేతులూ పైకెత్తాడు. మా చెల్లెలు వచ్చినప్పుడు చూపించాం. అందరూ మా వంటింట్లో ఆ కుర్చీలోనే కూర్చుని చూశారు. "ఇది చూసి కూడా కొననివాడు గుడ్డివాడై ఉండాలి," అన్నాను నేను.

ఫోను మోగలేదు. మోగకపోతే సీలు కవర్లు కదా, ముందే బయటపడరులే అనుకున్నాం.

శనివారం దాణా కొట్టులో ఎప్పుడూ ఉండే జనమే ఉన్నారు. గేలెన్ కోడిమేత సంచుల మీద కూర్చుని వేరుశనగకాయలు ఒలుచుకుంటున్నాడు. హబ్బెల్ బల్ల కిందనుంచి కవర్లు తీశాడు.

"రెండొచ్చాయి ఓరిన్."

"పోస్టు ఇంకా రాలేదేమో."

"వచ్చి వెళ్లిపోయింది."

మొదటిది స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి, జింకల వేటకు చోటు కావాలన్నవాడిది. వాడు రాసిన ధర విని ఒకడు దగ్గినట్టు నవ్వాడు. రెండోది గేలెన్‌ది. నేను సగం పల్లానికి వస్తుందనుకున్న ధర వాడు మొత్తం పల్లానికి రాశాడు. సరిగ్గా బ్యాంకు అప్పు తీరేంత. ఒక్క పైసా అటూ ఇటూ కాకుండా నా మెడ కొలత తెలిసినవాడిలా రాశాడు.

నచ్చకపోతే ఏ ధరా ఒప్పుకోనక్కర్లేదని ప్రకటనలో ఉంది. ఆ సంగతి నాకూ తెలుసు, వాడికీ తెలుసు.

"జూన్ ఆఖరన్నాడుగా బ్యాంకువాడు," అన్నాడు గేలెన్, చేతులకంటిన పొట్టు దులుపుకుంటూ. "మళ్లీ ప్రకటన వేసి, మళ్లీ కవర్లు తెరిచి... నీ ఇష్టం బ్రదర్. తొందరేం లేదు నాకు."

చెయ్యి చాపాడు. దేశమంతా చూసేలా పెట్టినా ఎవరికీ అక్కర్లేని నేల, ఇంకో నెల పెడితే మాత్రం ఎవరికి కావాలి అనుకున్నాను. చెయ్యి కలిపాను.

మా దగ్గర చెయ్యి కలిపితే కాగితం రాసినట్టే. మా నాన్న ఒకసారి తాగిన మైకంలో ఒక కంచరగాడిదకు చెయ్యి కలిపాడు. తెల్లారి చూస్తే అది కుంటిది. అయినా డబ్బు కట్టి తోలుకొచ్చాడు. అది చచ్చేదాకా మేపాడు.

ఇంటికొచ్చి చెప్పాను. నెల్డా పొయ్యి ఆర్పేసి కూర్చుంది. అప్పుడు ఫోను మోగింది. నేనే తీశాను. హాల్వర్సన్ టీచరు, నెలవారీ ఫోను.

"కెజియా నాన్నగారా? అమ్మాయి చివరి పని తెరిచి చూస్తున్నానండీ. అమరిక చాలా బాగుంది. రాతలూ బాగున్నాయి. కానీ బొమ్మలెక్కడ?"

"ఏం బొమ్మలండీ?"

"అదే నేనూ అడుగుతున్నాను. ఆరు ఖాళీ డబ్బాలు కనపడుతున్నాయి, ఒక్కోదాంట్లో చిన్న ఎర్రటి ఇంటూ గుర్తు. అక్కడ బొమ్మలుండాలి కదా?"

ఫోను కెజియాకిచ్చి నా చెవి కూడా దానికి ఆనించాను. ఫలానా బొమ్మకు నువ్వు రాసిన చిరునామా చదువమ్మా అంది టీచరు. కెజియా చదివింది. మొదట సీ అన్న అక్షరం, తర్వాత ఏవో ఫోల్డర్ల పేర్లు, చివర ఊట.

"అది మీ ఇంటి కంప్యూటర్లో చోటు తల్లీ. ఎలా ఉందంటే, బొమ్మ మా వంటింటి సొరుగులో ఉంది చూసుకోండి అని రాసినట్టుంది. చదివినవాళ్లు ఎవరి వంటింటి సొరుగు వాళ్లు వెతుక్కుంటారు. దొరకదు. మీ ఇంట్లో చూస్తే మాత్రం ఎప్పుడూ దొరుకుతుంది."

నేను ఫోను లాక్కున్నాను. "ఊరికే వచ్చిన సాఫ్ట్‌వేర్ వల్లేనా టీచరు గారూ ఇది?"

"కాదండీ. ఖరీదైనదాంట్లోనూ ఏటా ఎవరో ఒక పిల్ల ఇదే చేస్తుంది. అందుకే ఇంకొకరి ఇంట్లో, ఇంకో యంత్రం మీద తెరిచి చూడమని చెప్తాం."

ఆ మాట కెజియా విన్నది. "ఇంకెవరింట్లో చూడను మేడమ్?" అంది, ఫోను నా చేతిలో ఉండగానే, గోడకు చెబుతున్నట్టు.

సరిచేయడానికి ఎక్కువసేపు పట్టలేదు. నెల్డా పోసిన కాఫీ చల్లారలేదు. చిరునామాల్లో ముందున్న ముక్కలు కొట్టేసి, మళ్లీ ఎక్కించి, ఈసారి తీగ వదలకుండా టీచరు మళ్లీ ఫోను చేసేదాకా ఆగుదామంది కెజియా. ఫోనెలా చేస్తుందే, తీగ వదలందే అంది నెల్డా. వదిలింది. మోగింది. బొమ్మలు కనపడుతున్నాయని, ఆ ఊట నీళ్లు తాగాలనిపిస్తోందని అంది మిన్నసోటా టీచరు.

వారం మధ్యలో కెజియాకు ఈమెయిలు వచ్చింది. మా మిస్సోరీలోనే కొలంబియా అనే ఊళ్లో ఒక పళ్ల డాక్టరు. పత్రిక చూసి మొదటి వారమే సైటు తెరిచాడట, ఖాళీ డబ్బాలు చూసి చూపించడానికేమీ లేని నేల కాబోలనుకుని మూసేశాడట. ఎందుకో మళ్లీ తెరిచాడు. అక్రోటు సగం ఒక్కటీ ఇస్తే చాలన్నాడు. దానికి ఆయనన్న ధర గేలెన్ మొత్తానికి రాసిన ధరకంటే కాస్త ఎక్కువే. రేపే వస్తానన్నాడు.

"కాగితాల మీద సంతకం కాలేదుగా ఓరిన్," అంది నెల్డా.

"చెయ్యి కలిపానే."

"వెళ్లి అడుగు. వదిలేయమని అడిగితే తప్పేంటి? డీకనేగా."

వెళ్లాను. గేలెన్ కొట్టంలో ట్రాక్టరు కింద పడుకుని నూనె మారుస్తున్నాడు. కాళ్లు మాత్రమే కనపడుతున్నాయి. ఆ కాళ్లకే అంతా చెప్పాను, బొమ్మల సంగతి, డాక్టరు సంగతి. చెప్పడం అయ్యాక బయటికొచ్చి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"అవును, ఖాళీ డబ్బాలే. లైబ్రరీలో చూశాను."

"ఎప్పుడు?"

"ప్రకటన పడ్డ వారమే. పిల్లలు తెరిచి ఒకటే నవ్వు."

"మరి చెప్పొచ్చుగా!"

"నన్నెవరూ అడగలేదు." గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నీ కూతురు అందరి పిల్లల ముందూ నన్ను దొంగన్నది. నువ్వు చర్చిలో పదిమందిని నవ్వించావు. మీకు అన్నీ తెలుసు కదా, నా సలహా ఎందుకనుకున్నా. ఊరికే వచ్చిన సరుకు అంతేనేమో అనుకున్నా."

"అది నీకు తెలిసే ఆ ధర రాశావు."

"నేను రాసిన ధర నాకు తోచింది. ఒప్పుకున్నది నువ్వు."

"వదిలెయ్ గేలెన్. సగం తీసుకో పోనీ. ఊట ఉన్న సగం నాకుంచు."

"హబ్బెల్ కొట్లో ఎంతమంది చూశారు ఓరిన్? చెయ్యి చెయ్యే," అని మళ్లీ ట్రాక్టరు కిందికి దూరాడు.

ఇంటికొచ్చేసరికి నెల్డా వాకిట్లోనే ఉంది. నా మొహం చూసి అర్థం చేసుకుంది.

"సరే, వాడి మర్యాద వాడు వదులుకున్నాడు. నీ మర్యాద ఎవడిక్కావాలి? డాక్టర్ని రమ్మను. చెయ్యి కలిపితే కోర్టులో చెల్లదు, నేలకు కాగితం కావాలి. నేను కనుక్కున్నాను."

అది నిజమే. చెల్లదు. నాకూ తెలుసు. బ్యాంకు గడువు ఇంకా ఉంది, డాక్టరు డబ్బుతో వస్తానంటున్నాడు. గేలెన్ నన్ను ఊళ్లో ఏమైనా అనొచ్చు గానీ కోర్టుకు లాగలేడు. ఫోను దగ్గరికి వెళ్లాను. కెజియా బల్ల దగ్గర కూర్చుని ఉంది. కంప్యూటరు తెర మీద నేను అక్రోటు వరసల మధ్య నిలబడి ఉన్నాను.

"నాన్నా, చెయ్యి కలిపావా లేదా?"

"కలిపాను."

"మరి?"

అంతే అంది. దాని కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ నేల పోయేది తన చేతి తప్పుతోనేనని అది అప్పటికే లెక్క వేసుకుంది. అయినా అదే అంది. వాకిట్లో వ్యాను తలుపు తెరిచి ఉండగా డిస్కు వద్దన్న గొంతే అది. నేను ఫోను తీసి డాక్టరుకు నేల అమ్ముడైపోయిందని చెప్పాను. ఆయన చాలా మర్యాదగా, అంత మంచి ఫొటోలు ఎవరు తీశారండీ అని అడిగాడు.

నెల్డా నాతో వారం రోజులు అవసరమైనవే మాట్లాడింది.

జూన్ ఆఖరులో టారంట్‌లో సంతకాలయ్యాయి. మిల్లు మిగిలింది, ఇల్లు మిగిలింది. గేలెన్ అక్టోబరులో అక్రోటు కాయలు ఏరించి హబ్బెల్ కొట్లోనే అమ్మాడు. మరుసటి ఏడు ఊట చుట్టూ తీగ కంచె వేశాడు. చర్చిలో ఇప్పటికీ నాకు చెయ్యి చాపుతాడు. నేనూ కలుపుతాను.

కోర్సు పూర్తయ్యేదాకా సైటు తీయొద్దని టీచరు చెప్పడంతో పల్లం బొమ్మలు ఆగస్టుదాకా ఇంటర్నెట్‌లో అలాగే ఉన్నాయి. ఈసారి అందరికీ కనపడేవి. అందరూ ఫోను చేసేవాళ్లు. అమ్ముడైందండీ అని చెప్పడం నా పని.

సర్టిఫికెట్టు వచ్చింది. బడి పేరు అన్నచోట పల్లం అకాడమీ అని అచ్చు వేసి పంపారు. నెల్డా ఆ పేరు మార్చలేదు. నూటికి తొంభై నాలుగు మార్కులు. కనపడని బొమ్మలకు టీచరు కోసింది ఆరు మార్కులు. నాకు కోసుకుపోయింది రేవు దగ్గర్నుంచి ఊట గట్టు దాకా ఇరవైమూడుంబావు ఎకరాలు.